పిల్లల పిప్పిపళ్లు – తల్లుల వేదన

పట్నమున పత్తర్‌గట్టి రాతి అంగళ్లు దాటి, నయాపూల్ మీదుగా అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలకు బిడ్డ నెత్తుకొని పోవు తల్లులు "నా పాపమే బిడ్డకు తగిలెను" అని ఏడ్చుట మేమెరుగుదుము. పెద్దల పులుపు పిల్లల పళ్లకెక్కునను సామెతను ఇక పలుకరాదని యెహెజ్కేలు 18వ అధ్యాయములో దేవుడే ఆనతిచ్చెను గదా!

అయినను కారణము దాచము. రాత్రి పాలసీసా నోటనుంచుకొని నిద్రించు బిడ్డ పళ్లపై తీపి నిలుచును. క్రిములు దానిని ఆమ్లముగా మార్చగా పళ్లు పుచ్చును. ఇది శాపము కాదు, మనకెవరును చెప్పని సంగతి. పాలపళ్లు ఊడునవేగదా అందురు. వెనుకటి పళ్లు 10, 12 యేండ్లవరకు నిలుచును, నొప్పి అంతవరకాగదు. పాలు త్రాగించిన పిమ్మట తడిగుడ్డతో పళ్లు తుడువుడి. ఒంటరిగా వైద్యశాలకు పోలేని తల్లి మాతో చెప్పినయెడల సంఘ స్త్రీలలో ఒకరు తోడు వత్తురు.