కలిగిన రోజుల్లోనే నియమం

రంతిదేవుడి కథ భాగవతం నవమ స్కంధంలో ఉంది. 48 రోజులపాటు ఆ రాజుకూ ఆయన కుటుంబానికీ తిండీ నీళ్లూ లేవు. ఆ మరునాటి ఉదయం నెయ్యి, పాయసం, మంచినీళ్లు దొరికాయి. తినబోయే వేళకు ఒక బ్రాహ్మణుడు వచ్చాడు, తర్వాత ఒక శూద్రుడు, ఆ వెనకే కుక్కల్ని వెంటబెట్టుకుని ఇంకొక అతిథి. అందరికీ పెట్టేసరికి ఒక్కరికి సరిపడా నీళ్లు మిగిలాయి. వాటిని తాగబోతుండగా, లోకం అంటరానివాడన్న మనిషి ఒకడు దాహమంటూ వచ్చాడు. రంతిదేవుడు ఆ నీళ్లూ ఇచ్చేశాడు.

అంత దాహంలోనూ ఆయన చెయ్యి వెనకాడలేదు. ఆ గుణం ఆ పూట పుట్టింది కాదు. వచ్చినదాన్ని వచ్చినట్టే పంచడం ఆయనకు మొదటినుంచీ అలవాటు. కలిగినప్పుడు సాధన చేసినవాడే కరువులో మనిషిగా నిలబడతాడు. కరువు వచ్చాక నేర్చుకుందామంటే అప్పటికి వ్యవధి ఉండదు, మనసూ సహకరించదు.

2024 వేసవిలో బెంగళూరు పడ్డ అవస్థ దీనికి సాక్ష్యం. ఎన్నో తెలుగు కుటుంబాలు బతుకుతున్న ఊరది. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి కావేరి నీటిని ఎత్తుకు తోడుకుని బతికే నగరం. ముందటేడు వానలు మొహం చాటేశాయి. బోర్లు ఎండిపోయాయి. కార్లు కడగడానికీ తోటలకూ తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. ట్యాంకర్ల ధరలు ఆకాశాన్నంటితే అధికారులు కల్పించుకుని రేట్లు కట్టాల్సి వచ్చింది. డబ్బుకు కొదవలేని ఊళ్లో డబ్బిచ్చినా నీళ్లు దొరకని రోజులు చూశారు.

తప్పు వానది మాత్రమే కాదు. చెరువులను పూడ్చి ఇళ్లు కట్టాం. కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి కనుక, అవి ఎక్కడినుంచి వస్తున్నాయో అడగడం మానేశాం. ఒక్క నూలు చొక్కా వెనక, పత్తి చేనునుంచి లెక్కిస్తే, దాదాపు 2,700 లీటర్ల నీరు ఖర్చవుతుందని అంచనా. ఆఫర్ ఉందని కొని, బీరువాలో మడత విప్పకుండా ఉంచిన ప్రతి చొక్కా ఎవరి పొలానికో, ఎవరి గొంతుకో అందాల్సిన నీరే. తీసుకున్నదానికి తిరిగి ఏమీ ఇవ్వకుండా అనుభవించేవాణ్ని భగవద్గీత మూడో అధ్యాయం దొంగ అంటుంది. అది మనకు వర్తించదని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలమా?

మన పెద్దలు ఈ ప్రమాదం ఎరిగినవారే. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించాడు. 1369 నాటి దాని శాసనం చెరువుకు ఉండాల్సిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ చెబుతుంది. రోజుకు వెయ్యిమంది చొప్పున రెండేళ్లు పనిచేశారని కూడా అందులో ఉంది. ఆ దోషాల్లో ఒకటి, నీళ్లు కొంచెం, వాటితో తడపాల్సిన నేల విస్తారం కావడం. ఆరున్నర శతాబ్దాల కిందట చెరువుకు చెప్పిన ఆ దోషమే ఈనాటి మన జీవితాలకు పట్టింది. ఉన్నది కొంచెం, కోరిక విస్తారం. చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా, కన్నబిడ్డతో సమానంగా ఎంచిన జాతి మనది. అలాంటి మనం చెరువును ఖాళీ స్థలంగా చూడటం నేర్చుకున్నాం.

కోరికకు కట్ట వేయడానికే వ్రతాలు ఏర్పడ్డాయి. ఏకాదశి ఉపవాసం, కార్తికంలో ఒంటిపూట భోజనం, శనివారం నియమం, ఇవన్నీ ఇంట్లో ధాన్యం ఉండగానే చేసేవి. లేనివాడు పస్తుంటే అది వ్రతం కాదు, అతడి కష్టం. బిందె పట్టుకుని ట్యాంకర్ కోసం ఎదురుచూసే అమ్మకు పొదుపు పాఠం చెప్పే హక్కు మనకు లేదు. నియమం ఉన్నవాళ్లకే. లేకపోవడం ఎలా ఉంటుందో ఉన్నప్పుడే శరీరానికీ మనసుకూ తెలియజేయడం వ్రతం చేసే మేలు.

ఆ నియమాన్ని అన్నం దగ్గరే ఆపకుండా వచ్చే ఏకాదశినుంచి నీటికీ కొనుగోళ్లకూ పెంచుదాం. ఆ రోజు ఇంటిల్లిపాదీ ఒక్కో బకెట్టుతో స్నానం ముగించాలి. ఆర్‌వో యంత్రం వదిలే నీటిని పట్టి ఇల్లు తుడవడానికి వాడాలి. ఆ రోజు ఏ వస్తువూ కొనకూడదు. అలా మిగిలిన సొమ్ముతో వానాకాలానికి ముందే ఇంటి దగ్గర ఇంకుడు గుంత తవ్వించాలి, వేసవిలో వీధి మొగన చలివేంద్రం పెట్టాలి. పిల్లల చేత ఆ కుండలు నింపించాలి. మిగిల్చింది ఇంకొకరికి అందినప్పుడే వ్రతం పూర్తయినట్టు.