గెలుపులో వాటా సరే, ఓటమిలో?

మన గూడెం పిల్లల్లో ఎవరైనా పరుగు పందెం గెలిస్తే ఊరంతా 'మనోడు' అంటాం. ఆ మాటలో ప్రేమ ఉంది, హక్కు కూడా ఉంది. ఆ హక్కు ఎంతవరకు అన్నదే ఇక్కడ మా ప్రశ్న.

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో జిమ్ రయన్ అనే కుర్రాడు ఉండేవాడు. 1964లో, ఇంకా హైస్కూల్లో ఉండగానే, మైలు దూరం నాలుగు నిమిషాల లోపు పరుగెత్తాడు. అంతకు ముందు ఏ బడిపిల్లాడూ చేయని పని అది. 1966లో, 19 ఏళ్ళకే, 3 నిమిషాల 51.3 సెకన్లతో ప్రపంచ రికార్డు. మరుసటి ఏడాది దాన్నీ తానే దాటాడు. అప్పటినుంచి అతని కాళ్ళు అతనివి కాకుండా పోయాయి.

1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల బంగారు పతకం అతనిదేనని దేశం ముందే రాసేసుకుంది. మెక్సికో నగరం సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన ఉంది. గాలి పలచన, పల్లపు ప్రాంతంవాళ్ళకు ఊపిరి అందదు. పైగా రయన్ ఆ ఏడాదే జబ్బుపడి లేచాడు. కెన్యా కొండల్లో నంది తెగలో పుట్టిన కిప్ కెయినోకు మాత్రం అది ఇంటి గాలి. అతని తోటివాడు బెన్ జిప్చో మొదట్లో ముందుండి వేగం లాగాడు, తాను వెనకబడిపోయాడు. కెయినో గెలిచాడు. (పతకం ఒక్కరి మెడలోనే పడింది, జిప్చో వాటా సంగతి ఎవరు అడుగుతారు?) రయన్ దాదాపు మూడు సెకన్లు వెనక, రెండోవాడు.

అది చిన్న సంగతా? అయినా దేశాన్ని నిరాశపరిచాడని అతని సొంత దేశంలోనే రాశారు. 1969లో జాతీయ పోటీల్లో పరుగు మధ్యలోనే ట్రాక్ దిగి వెళ్ళిపోయాడు. అప్పటికి అతనికి 22 ఏళ్ళు.

మా కోయ గూడేల్లో భూమి పండుగ వేటలో దొరికిన మాంసం ఊరందరికీ పంచుతారు. బాణం వేసినవాడొక్కడే తినడు. ఇది చెప్పుకుని గర్వపడతాం. అయితే ఖాళీ చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడ, బురద చల్లిన ఆచారమూ మనదే. కాబట్టి ఆ అమెరికావాళ్ళను చూసి నవ్వే అర్హత మనకు లేదు. ఒక్క తేడా ఉంది. చల్లినవాళ్ళు అతన్ని పుట్టినప్పటినుంచీ ఎరిగినవాళ్ళు. రయన్ మీద రాసినవాళ్ళలో ఎందరికి అతను తెలుసు?

మా మాట కూడా చెప్పాలి. మేము పనిచేసిన ఒక ఆశ్రమ పాఠశాలలో ఒక అమ్మాయి 800 మీటర్లలో జిల్లా మొదటి స్థానం తెచ్చింది. మేమే చందాలు వేసుకుని ఫ్లెక్సీ కట్టించాం, అందులో మా ఫొటోలూ వేయించుకున్నాం. రాష్ట్ర పోటీల్లో ఆమె ఏడోది వచ్చింది. తిరిగొచ్చిన రోజు బస్టాండుకు మాలో ఒక్కరూ వెళ్ళలేదు. పనులున్నాయి అనుకున్నాం. ఆ తర్వాత పొద్దున్నే మైదానానికి రావడం మానేసింది. ఎందుకని అడగడానికి మాకు మొహం చెల్లలేదు.

మొన్న సంతలో కనిపించింది, చంకలో బిడ్డతో. మేమే తల దించుకున్నాం. ఆమే దగ్గరికొచ్చి, "ఎండలో నిలబడ్డారేంది సార్, ఇంటికి రండి, జావ తాగి పోదురు" అంది. వెళ్ళాం. పరుగు మాట ఆమె ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.