పాల లెక్క

చెల్లీ, మీ వంటింటి గోడ మీది క్యాలెండరు ఒకసారి చూడు. తిథులు, నక్షత్రాలు, వర్జ్యాలు అచ్చులో ఉంటాయి. వాటి పక్కనే పెన్సిలుతో నువ్వు రాసుకున్న పాల లెక్క. మొన్న మొన్నటిదాకా ప్రతి గడిలోనూ "1" అని ఉండేది. ఇప్పుడు "అర" అని ఉంటోంది. మంగళవారం, శుక్రవారం గడుల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టావు. అవి మీ ఆయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్లే రోజులు.

మా ఆయనకు జబ్బు చేసిన ఏడాది మా ఇంటి క్యాలెండరూ అలాగే ఉండేది. అందుకే చూడకుండా చెప్పగలుగుతున్నాను.

లీటరు కాస్తా అరలీటరు ఎలా అయిందో నువ్వు ఎవరికీ చెప్పి ఉండవు. ఆయనకు ఎలాగూ పాలు తగ్గించమన్నారు డాక్టరు. పిల్లలకు సరిపోతాయి. ఇక మిగిలింది నీ టీ ఒక్కటే. "నాకు పడటం లేదు" అని మానేశావు. పడకపోవడం సంగతేమిటో నీకు తెలుసు, నాకు తెలుసు. స్వామికీ తెలుసు.

రాత్రి అందరూ పడుకున్నాక నీ రెండో లెక్క మొదలవుతుంది. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షకు నెల తిరిగేసరికి మూడు వేలు. అసలు అలాగే ఉంటుంది. ఆటో ఖర్చు, రక్తం పెరగడానికి వేసే సూది, చిన్నదాని స్కూలు ఫీజు. ఆయన పనికి వెళ్లి ఎన్ని నెలలైందో వేళ్ల మీద లెక్కపెట్టి, మళ్లీ మొదటి నుంచి కూడతావు. ఎన్నిసార్లు కూడినా మొత్తం తగ్గదు. కాస్త కన్ను అంటుకునేసరికి పాలవాడు గేటు తడతాడు.

ఆ లెక్క దగ్గర ఒక్కదానివే కూర్చున్నాననుకుంటున్నావా?

మనకు దగ్గరలోనే ఉంది చిలుకూరు, గండిపేట చెరువు ఒడ్డున. వీసా బాలాజీ అని లోకమంతా పేరు. పాస్‌పోర్టు పట్టుకుని అమెరికా చదువుల కోసం ప్రదక్షిణలు చేసే పిల్లలు కనిపిస్తారు. కానీ స్థలపురాణం చెప్పేదేమిటంటే, ఆ స్వామి అక్కడ వెలసింది ఒక జబ్బుమనిషి కోసం.

ఆ భక్తుడు ఏటా తిరుపతి వెళ్లేవాడు. ఒక ఏడాది పెద్ద జబ్బు చేసింది. కదలలేడు. వెళ్లలేకపోయానే అని కుమిలిపోయాడు. అప్పుడు స్వామి కలలో కనిపించి, నేను నీ దగ్గరలోని అడవిలోనే ఉన్నాను, దిగులుపడకు అన్నాడట. ఆయన చెప్పిన చోటికి వెళ్లి చూస్తే ఒక పుట్ట. తవ్వుతుంటే దెబ్బ లోపలున్న స్వామికే తగిలింది, గడ్డం కింద, రొమ్ము మీద. నెత్తురు కారి నేల తడిసిపోయింది. తవ్వినవాడు గడగడ వణికిపోయాడు. ఆవుపాలతో పుట్టను తడపమని ఒక మాట వినిపించింది. పాలు పోశారు. మట్టి కరిగి, శ్రీదేవి భూదేవులతో స్వామి కనిపించాడు.

చిన్నప్పటి నుంచీ ఈ కథ విన్నాను. మా ఆయన మంచాన పడ్డ ఏడాది గానీ నాకు అందులోకి దారి దొరకలేదు.

చూడు, కొండ ఎక్కలేనివాడిని స్వామి కొండకు రమ్మనలేదు. తనే దిగి వచ్చి, మనిషి ఎక్కడ పడి ఉన్నాడో ఆ పక్కనే ఉన్నానని చెప్పాడు. గుడికి వెళ్లి ఎన్నాళ్లయిందో అని నువ్వు బాధపడుతున్నావు కదా? దీపం పెట్టే ఓపిక లేని సాయంత్రాలు ఎన్నో ఉంటాయి. మీ ఆయన పక్కన కూర్చుని కాళ్ల వాపు నొక్కి చూసే వేళ, స్వామి ఆ మంచం దగ్గరే ఉంటాడని నేను నమ్ముతున్నాను. చిలుకూరులో మొదట 11 ప్రదక్షిణలు చేసి కోరుకుంటారు, కోరిక తీరాక 108 చేస్తారు. మా ఆయన నాలుగు గంటలు మిషన్ మీద ఉంటే నేను ఆస్పత్రి వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి 11 సార్లు తిరిగేదాన్ని. మందుల చీటీ వెనక గీతలు పెట్టుకునేదాన్ని. అవి లెక్కలోకి రావని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఇంకో సంగతి. చిలుకూరు గుళ్లో హుండీ లేదు. పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లకని ప్రత్యేక దర్శనమూ ఉండదు. మొదట్లో నేను భయంతో, ఆయనకు బాగైతే నిలువుదోపిడీ ఇస్తానని మొక్కుకోబోయాను. ఉన్న రెండు నగలూ అప్పటికే తాకట్టులో ఉన్నాయి. మళ్లీ అప్పు చేసి దేవుడికి ఇస్తాననడం ఎలా ఉంటుంది? హుండీ లేని ఆ గుమ్మం గుర్తొచ్చి, ఆ మాట నోట్లోనే ఆపుకున్నాను. మొక్కు కోసం అప్పు చేయకు చెల్లీ. ఎవరు భయపెట్టినా సరే, చేయకు. నువ్వు మానేసిన టీ తీసి తన పళ్లెంలో పెట్టమని స్వామి అడగడు.

ఇక ఆ పాల దగ్గరికి వస్తాను. నన్ను ఎక్కువగా పట్టుకున్నది అదే.

దెబ్బ తగిలినవాడు స్వామి. ఆయన తలుచుకుంటే ఆ గాయం క్షణంలో మాయమయ్యేది. అలా చేయలేదు. పాలు పోయమని అడిగాడు. ఎదురుగా ఉన్నది జబ్బుతో నీరసించినవాడు, చేతులు వణుకుతున్నవాడు. అతన్నే అడిగాడు. సాక్షాత్తూ స్వామే గాయం చూపించి అడిగితే, మనం మాత్రం కొంగు కప్పుకుని, "ఏం లేదు, బాగానే ఉన్నాం" అంటాం. పుట్టింటివాళ్లు ఫోన్ చేస్తే బాగానే ఉన్నాం. పక్కింటావిడ అడిగితే బాగానే ఉన్నాం. పెళ్లికి పిలిస్తే, బస్సు ఛార్జీకి వెతుక్కుంటూనే, వస్తాం అంటాం.

నేనూ అలాగే దాచాను. దాచి ఎంత పోగొట్టుకున్నానో చెబుతాను విను. మొదటి నెలంతా ఆస్పత్రి బిల్లులు చేతి డబ్బుతో కట్టాం. గొలుసు కుదువ పెట్టాం, పాడుకున్న చీటీ డబ్బు అయిపోయింది. ఒకరోజు వరండాలో పక్క కుర్చీలో చేవెళ్ల వైపు నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది. ఒళ్లో టిఫిన్ డబ్బా, చేతిలో మా లాంటిదే ఫైలు. నా ముఖం చూసి, "కార్డు చూపెట్టినవా అక్కా?" అంది. నాకు అర్థం కాలేదు. లేచి, నా చెయ్యి పట్టుకుని ఆరోగ్యమిత్ర కూర్చునే బల్ల దగ్గరికి తీసుకెళ్లింది. ఇంట్లో బియ్యం డబ్బా కింద ఉన్న ఆహార భద్రత కార్డుకు అంత విలువ ఉందని ఆ రోజు తెలిసింది. పేదల వైద్యానికి ప్రభుత్వం పెట్టిన ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది. డయాలసిస్ అందులో ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరులో ఏడాదికి 5 లక్షలున్న పరిమితిని 10 లక్షలు చేశారు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు ప్రభుత్వం నెలకు 2016 రూపాయల పింఛను కూడా పెట్టింది. ఎవరినీ అడగలేదు కాబట్టి నాకు ఏదీ తెలియలేదు. ఆవిడ పేరు కూడా నేను అడగలేదు. నా వరకు ఆ పూట పాలచెంబు పట్టుకుని వచ్చింది ఆవిడే.

నీ దగ్గర కార్డు ఉంటే ఫైలులో పెట్టుకో. ఆస్పత్రిలో చేర్చే రోజునే చూపించు. అసలు బిల్లులు ఒక్కటీ పారేయకు, ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోవాల్సి వస్తే అవే కావాలి. మహిళా సంఘంలో ఉంటే, మూడు రూపాయల వడ్డీవాడి కన్నా ముందు సంఘం లోన్ అడుగు. అడిగేటప్పుడు గొంతు వణికితే వణకనీ.

మొయినాబాద్, చేవెళ్ల వైపు ఎకరమో అరెకరమో ఉన్నవాళ్లకు ఇంకో గండం ఉంది. ఇంట్లో మనిషి మంచాన పడ్డాడని తెలియగానే బ్రోకరు వస్తాడు. గండిపేట, హిమాయత్‌సాగర్ నీళ్లు చెడకూడదని 1996లో 111 జీవో ఇచ్చి 84 ఊళ్లలో కట్టడాలకు హద్దులు పెట్టారు. మనం తాగే నీళ్ల కోసం పెట్టిన కట్టుబాటు అది. "జీవో భూమి, ఇంతకన్నా ఎవరిస్తారమ్మా" అన్న మాటగా మారి అదే మన మంచం దగ్గరికి వస్తుంది. అమ్మవద్దని నేననను. మనిషి కన్నా పొలం ఎక్కువ కాదు, కొన్నిసార్లు అమ్మక తప్పదు. ఆయన ఐసీయూలో ఉన్న వారంలో మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. మీ అన్ననో, ఊళ్లో నీకు నమ్మకమున్న పెద్దమనిషినో పక్కన కూర్చోబెట్టుకుని, పగటిపూట, అన్నం తిన్నాక మాట్లాడు. ఖాళీ కడుపుతో, ఏడుస్తూ చేసిన బేరం ఎప్పుడూ మనకు నష్టమే.

భార్యకు జబ్బు చేసి ఒంటరిగా ఇల్లు ఈదుతున్న తమ్ముళ్లకూ ఇదే చెబుతున్నాను. మీరు ఇంకా ఎక్కువ దాస్తారు. మగవాడు అడిగితే చిన్నతనం అని ఎవరు నేర్పారో గానీ, ఆ చదువు మరిచిపోండి.

చెల్లీ, రేపేమవుతుందో నేను చెప్పలేను. మీ ఆయన రిపోర్టులో అంకెలు తగ్గుతాయో పెరుగుతాయో నా చేతిలో లేదు. స్వామి నిన్ను చూస్తున్నాడని మాత్రం చెప్పగలను. రాత్రి నీ కూడికలు ఆయన వింటూనే ఉన్నాడు. తన ఒంటి మీద దెబ్బ ఉన్నవాడికి నీ దెబ్బ తెలియదా?

ఈ రోజుకు ఒక్క పని పెట్టుకుందాం. రెండొద్దు. ఎవరో ఒకరికి ఉన్నదున్నట్టు చెప్పు. ఎంత అప్పుందో, నెలకు ఎంత కావాలో, దేనికి భయపడుతున్నావో చెప్పు. డబ్బు అడగాలని లేదు. "శుక్రవారం ఆస్పత్రికి నువ్వు తోడు వెళ్తావా, నేను పిల్ల దగ్గర ఉంటాను" అని అడిగినా చాలు. వాళ్లు కాదంటే, రేపు ఇంకొకరిని అడుగు.

ఎవరికి ఫోన్ చేయాలో ఆ పేరు ఇందాకే నీ మనసులోకి వచ్చింది కదా. ముందు ఆయనకు మందులు వెయ్యి. పొద్దున పిల్లలకు పోయగా ఒక గుక్కెడు పాలు మిగిలి ఉంటే, టీ పెట్టుకుని తాగు. తర్వాత ఫోన్ చెయ్యి.