పొల్లు అని ఎవరు తేల్చాలి?

గురుగ్రహాన్ని టెలిస్కోపుతో ఫొటో తీసే ఔత్సాహికులు నిజానికి తీసేది వీడియో. గాలి కదలికలకు గ్రహబింబం నీళ్ల అడుగున నాణెంలా వణుకుతుంది. అందుకని రెండు మూడు నిమిషాల్లో వేలకొద్దీ ఫ్రేములు పట్టి, నిలకడగా ఉన్నవాటిని కంప్యూటరు చేత ఏరించి, ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు కడతారు. ఒక్క చక్కని బొమ్మ వస్తుంది. ఇక ఆ వీడియో ఎందుకు? డిస్కు నిండిపోతోంది, తుడిచేద్దాం అంటారు.

బ్యాంకులో పనిచేసేవాడిని కనుక నాకు వెంటనే వోచర్లు గుర్తుకొస్తాయి. లెడ్జరులో నిల్వ తేలిందని వోచరు చింపెయ్యం. ఆ నిల్వ ఎలా వచ్చిందని రేపు ఎవరైనా అడిగితే చూపవలసింది వోచరే.

2012 సెప్టెంబరు 10న అమెరికాలో డాన్ పీటర్సన్ అనే ఆయన టెలిస్కోపులో చూస్తుండగా గురుగ్రహం అంచున ఓ మెరుపు మెరిసింది. ఆయన దగ్గర రికార్డు లేదు, కంటితో చూసిందే. ఆ కబురు విని టెక్సాస్‌లో జార్జ్ హాల్ తన వీడియో తెరిచి చూస్తే అందులో అదే మెరుపు ఉంది! వేల ఫ్రేముల సగటులో ఒకటి రెండు సెకన్ల మెరుపు దాదాపు మునిగిపోతుంది. బొమ్మ మాత్రం దాచుకుని వీడియో తుడిచేసి ఉంటే పీటర్సన్ మాటకు సాక్ష్యం ఏది?

ఫైలు నాది, కెమెరా నాది, తుడిస్తే అడిగేదెవరు అనవచ్చు. ఆస్తి లెక్కన నిజమే. కానీ రికార్డు అనేది సాక్ష్యం కూడా. అది అవసరమయ్యే మనిషి ఎవరో తీసినవాడికి ముందుగా తెలియదు. అటువంటిదాన్ని పూర్తిగా నాదే అనడం నాకు మింగుడుపడదు.

పెద్ద సంస్థలూ ఇందుకు అతీతం కావు. 1969లో అపోలో 11 చంద్రుడి మీంచి పంపిన అసలు దృశ్యాలు టీవీకి మార్చి ప్రసారం చేసినవాటికన్నా స్పష్టమైనవి. అవి ఎక్కిన టేపుల కోసం ఏళ్ల తరబడి వెతికి, బహుశా వాటిని చెరిపి మళ్లీ వాడేసి ఉంటారని 2009లో నాసా తేల్చింది. ఇందులో దుర్బుద్ధి ఎవరిదీ కాదు. టేపులకు కొరత వచ్చింది, ప్రసారమైన ప్రతులు ఎలాగూ ఉన్నాయి. మన ఇళ్లలో అవ్వ పాడిన పెళ్లిపాటల క్యాసెట్టు మీద సినిమాపాటలు ఎక్కించినవాళ్ల లెక్కా ఇదే. పాటలు నోటుబుక్కులో రాసుకున్నాం కదా అనుకున్నారు. హోసూరు అవ్వ ఆ మాటను ఎలా పలికిందో నోటుబుక్కు చెప్పదు.

అలాగని అన్నీ దాచమంటే ఏ స్ట్రాంగురూమూ చాలదు. బ్యాంకూ పాత కాగితాలు నాశనం చేస్తుంది. గడువు తీరాక, జాబితా రాసి, పైఅధికారి సంతకం అయ్యాక. ఎవరికి వారు తమ వోచరు తగలబెట్టుకోరు. ఈ పద్ధతి ఆకాశం వీడియోలకూ పనికొస్తుంది. ముందు రెండో డిస్కులోకి కాపీ చెయ్యాలి. కాపీ తెరుచుకుంటోందా అని చూడాలి. అప్పటిదాకా మొదటిదాన్ని ముట్టుకోకూడదు. ఇలాంటి మెరుపుల కోసమే వీడియోలను గాలించే డిటెక్ట్ అనే ప్రోగ్రాము ఉంది, దానితోనూ చూపించాలి. ఆ తర్వాత తుడిస్తే నాకు పెద్దగా అభ్యంతరం లేదు, ఆ ప్రోగ్రాము మెరుపును తప్ప మరొకదాన్ని వెతకదన్న బెంగ మాత్రం ఉంది.

గాలి బాగాలేని రాత్రి తీసినవాటినైనా ఒక నెల ఉంచమంటాను. 2016 మార్చి 17న ఆస్ట్రియాలో గెరిట్ కెర్న్‌బావర్ తీసిన వీడియో అటువంటిదే. బాగా రాలేదని పక్కన పెట్టిన ఆయన పది రోజుల తర్వాత తెరిస్తే అందులో మెరుపు కనిపించింది. ఆ రాత్రి ఐర్లండులో జాన్ మెకియన్ తీసిన వీడియోలోనూ అది ఉంది.