గుడ్డసంచీ

మా అత్తయ్యగారి ట్రంకుపెట్టెలో, పట్టుచీరల అడుగున ఓ గుడ్డసంచీ ఉంది. నగలేమోనని చాలాకాలం అనుకున్నాను. (అనుకోని కోడలుంటే చెప్పండి!) ఆస్పత్రి చీటీలని తర్వాత తెలిసింది.

ఆమధ్య చందర్లపాడులో మా ఇంటికి ఆరోగ్య కార్యకర్త వచ్చి, ఇష్టమైతే 'ఆభా' నంబరు తీసుకోమంది. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఏర్పాటు ఇది. 14 అంకెలు. పరీక్షల కాగితాలూ, మందుచీటీలూ ఆ నంబరుకు చేర్చుకుంటే, మనం సరేనన్నప్పుడే ఇంకో డాక్టరుకు కనిపిస్తాయట. నందిగామలో చెప్పిన రామాయణమంతా విజయవాడలో మళ్ళీ చెప్పనక్కర్లేదన్నమాట. బాగానే ఉంది. ఓటీపీ కావాలంది. అత్తయ్యగారి ఆధార్‌కిచ్చింది నా ఫోను నంబరే. చెప్పేశాను. ఆవిడ అరుగుమీద మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు.

సాయంత్రం సంగతి తెలిసి, "నన్నొక్కమాట అడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా అమ్మాయ్?" అన్నారు.

"మీ మంచికేగా" అన్నాను, కొంచెం ఉక్రోషంగానే.

అన్నానేగాని ఆ రాత్రి నిద్రపడితేనా! పెళ్ళయిన మూడో ఏట నన్నో ఆస్పత్రిలో చేర్చారు. నేను బల్లమీదుండగానే డాక్టరు నా రిపోర్టు గురించి మావారితోనూ అత్తయ్యగారితోనూ గుసగుసగా మాట్లాడాడు. నా కడుపులో ఏముందో నాకే ఆఖర్న తెలిసింది. వాళ్ళదీ నా మంచికేగా! ఆస్పత్రిలో చేరిన రోగి తన కాగితాలడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యమండలి 2002లోనే నియమం పెట్టింది. నియమానికి రోగి అంటే ఒక మనిషి. మన ఇళ్ళలో రోగి అంటే వంశం!

అలాగని ఎవరి గుట్టు వాళ్ళే దాచుకుంటే సరిపోతుందా? అర్ధరాత్రి మాటపడిపోతే, ఏ మందు పడదో చెప్పేదెవరు? నలుగురూ చూడాల్సిన కాగితం ఒకటుంటుంది, ఎవరూ చూడకూడనిది ఒకటుంటుంది. ఏది ఏదో తేల్చాల్సింది జబ్బుపడ్డ మనిషే అని ఇప్పుడు నా నమ్మకం. ఓటీపీ ఎవరి ఫోనుకొచ్చినా సరే.

పొద్దున్నే వెళ్ళి, "తప్పయింది అత్తయ్యా" అన్నాను. ఆవిడేం మాట్లాడకుండా సంచీ తెచ్చి మంచంమీద గుమ్మరించారు. పాతబడి పసుపెక్కిన ఓ చీటీ నాకిచ్చి, "పెన్సిలిన్ నాకు పడదు. ఇది జాగ్రత్త" అన్నారు. ఇన్నేళ్ళుగా ఆ మాట నాకు తెలియదు!

మిగతావన్నీ ఒక్కొక్కటే చూపించారు. ఒక్క కాగితం మాత్రం నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకున్నారు. అదేమిటని నేనడగలేదు.