రెండంగుళముల కొరత

అవధానము తెలుగువారి సొత్తు. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుండి అడుగు ప్రశ్నలను మనస్సున నిలిపి, ఒక్కదానినైనను జారవిడువక అప్పగించు విద్య అది. తిరుపతి వేంకటకవులుగా ప్రసిద్ధికెక్కిన జంటలో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు పశ్చిమ గోదావరి జిల్లా యండగండిలో జన్మించినవారే. ఆ సభలో అప్రస్తుత ప్రసంగి యను పృచ్ఛకుడొకడుండును. సంబంధము లేని మాటలు మధ్యమధ్య విసరి అవధాని దృష్టిని మరల్చుటయే అతని పని. అవధాని అతనికి నవ్వుచు బదులు చెప్పి, విడిచిన పద్యపాదమునకు తిరిగి వచ్చును. ఆ తిరిగి వచ్చుటలోనే అతని ప్రజ్ఞ యంతయు నున్నది.

అదే జిల్లాలో, సముద్రతీరమునకు చేరువనున్న మొగల్తూరు వంటి ఊరిలో, ఎనిమిదేండ్ల బాలునొకనిని ఊహింపవచ్చును. వానికి లోకమంతయు అప్రస్తుత ప్రసంగియే. పుస్తకము తెరచి కూర్చున్నంతలో కొబ్బరిమట్టపై కాకి వాలును, వీధిలో ఐసుబండి గంట మ్రోగును. వాని మనస్సు ఆ రెండింటి వెంటను పోవును గాని, చదువుచున్న వాక్యమునకు తిరిగి రాలేదు. కొట్టుకు చింతపండు కొరకు పంపినచో చేతి సంచిని ఎక్కడనో విడిచి వట్టిచేతులతో వచ్చును. బంతిలో పాయసము వడ్డించులోపలనే లేచిపోవును. ఉపాధ్యాయుడు ప్రశ్న ముగింపకమునుపే జవాబు చెప్పి చీవాట్లు తినును. బుద్ధికి కొదువ లేదు, మనస్సున కల్మషము లేదు. రేపటినుండి చెప్పినమాట వినెదనని రాత్రి తల్లికి మాట యిచ్చునపుడు వాడు నిజముగనే ఇచ్చును. తెల్లవారిన పిమ్మట ఆ మాట వానికి నిలువదు.

తండ్రి రాత్రులు రొయ్యల చెరువుపై కావలి యుండి అలసి వచ్చును. తల్లి లేసు అల్లుచు, ఒక కన్ను దారముపై, ఒక కన్ను బిడ్డపై నుంచి దినము గడుపును. గుడిలో వాడు నాలుగవమారు గంట కొట్టగానే మండపములోని పెద్దామె యొకతె, “అమ్మాయ్, పిల్లవాణ్ణి ఆమాత్రం కూర్చోబెట్టుకోలేవటే?” అనును. ఆ మాటలో ద్వేషమేమియు లేదు. కాని దానిని నూరవమారు విన్న తల్లి, ఆ తరువాత జనము లేని వేళ చూచి గుడికి వచ్చుట మొదలుపెట్టును. పిదప పేరంటములు మానును. కొన్నాళ్ళకు గుడియు మానును. బిడ్డ చాపల్యము కన్న ఆ ఒంటరితనమే ఇంటికి పెద్ద కష్టమగును.

ఇచట తప్పు ఎవరిది? బాలునిదా? పెంచిన తల్లిదా? భయము నేర్పని తండ్రిదా?

ఈ ప్రశ్న మొగల్తూరునకు మాత్రమే చెందినది కాదు. 1902లో లండన్ నగరమున జార్జి స్టిల్ అను వైద్యుడు రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ లో ఇట్టి పిల్లలను గూర్చి ఉపన్యసించెను. బుద్ధికి లోటు లేని పిల్లలలో కూడ ఇది కనబడుచున్నదని గుర్తించియు, దానిని నైతిక నిగ్రహములోని లోపముగా ఆయన పేర్కొనెను. నడుమ మరికొన్ని పేర్లు వచ్చి పోయినవి. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము దీనిని అవధాన లోపముగా వర్ణించినది. 1987 నుండి అతిచాంచల్యమును కూడ చేర్చి ఎ.డి.హెచ్.డి. అని వ్యవహరించుచున్నారు. నీతి లోపమన్న మాట తొలగి అవధాన లోపమన్న మాట వచ్చుటకు దాదాపు ఎనుబదేండ్లు పట్టినది. లోకము తన తీర్పును దిద్దుకొనుటకు పట్టిన కాలమది.

ఇప్పటి వైద్యశాస్త్రము చెప్పుచున్నదేమనగా, ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి. నూరుమంది పిల్లలలో ఇంచుమించు ఐదుగురికి ఉండును. కవలలపై జరిపిన పరిశోధనలు ఇందులో వంశపారంపర్యమునకు పెద్ద పాలున్నదని తేల్చినవి. బిడ్డను మందలించుచున్న తండ్రియే చిన్ననాట అట్లే ఉండెనని నాయనమ్మ చెప్పుట అనేక గృహములలో వినబడు మాట. పెంపకము దీనిని పుట్టింపదు. అయితే గృహ వాతావరణము దీని బరువును తగ్గింపగలదు, పెంపగలదు. ఇష్టమైన ఆటలో గంటలకొలది మునిగియుండువాడు చదువులో ఏల కుదురుగా నుండడని కొందరు అడుగుదురు. మనస్సును కోరిన చోటికి కోరినప్పుడు మరల్చుకొనలేకపోవుటయే ఈ స్థితి లక్షణము. ఆడపిల్లలలో ఇది పరుగులుగా గాక పరధ్యానముగా నుండుట కలదు. వారు అల్లరి చేయరు గనుక ఎవరి కంటను పడక, మందమతులని పేరు మోయుదురు.

పూర్వజన్మ కర్మము అని నిట్టూర్చువారును గలరు. కర్మ సిద్ధాంతము గొప్పదే. కాని అది మానవుడు తన నడవడిని తాను పరీక్షించుకొనుటకు ఏర్పడినది. పొరుగింటి తల్లి కన్నీటికి కారణము చెప్పి తాను తప్పుకొనుటకు కాదు. ఆమె కర్మ ఏదైనను, ఆమె కష్టమును చూచినవాని కర్తవ్యము ఆ క్షణమునుండియే ప్రారంభమగును.

ఈ విషయమున భాగవత దశమ స్కంధములోని ఉలూఖల బంధన ఘట్టము స్మరింపదగినది. భగవంతుని లీలను బాలుని అస్వస్థతతో పోల్చుట కాదు. అందు చూడవలసినది యశోదను. ఆమె పెరుగు చిలుకుచుండగా పొయ్యిపై పాలు పొంగినవి. దించి వచ్చుసరికి కుండ పగిలియున్నది, వెన్న కోతుల పాలగుచున్నది. ఆమె కఱ్ఱ పట్టుకొని తరిమెను. పట్టుబడిన బిడ్డ కన్నులలో భయము కనబడగానే ఆ కఱ్ఱను పారవైచెను. బెదరిన బిడ్డ నేర్చుకొనడని తల్లి హృదయమునకు తెలిసినది. పిదప రోటికి కట్టబోగా త్రాడు రెండంగుళములు తక్కువయ్యెను. మరియొక త్రాడు చేర్చినను రెండంగుళములే తక్కువ. ఇంటనున్న త్రాళ్ళన్నియు చేర్చినను అంతే. చెమట పట్టినది, కొప్పులోని పూలు జారినవి. గోపికలు నవ్వుచు చూచుచుండిరి.

ఆ రెండంగుళములలో ఒకటి మానవ ప్రయత్నమనియు, రెండవది దైవానుగ్రహమనియు పెద్దలు వ్యాఖ్యానించిరి. యశోద ప్రయత్నమున లోపము లేదు. ఆమె అలసటను చూచి స్వామియే కరుణించి కట్టుబడెను. నేటి తల్లి విషయమున ఆ రెండవ అంగుళము ఎట్లు వచ్చును? అనుగ్రహము సామాన్యముగా మనుష్యుల ద్వారముననే దిగివచ్చును. నవ్వుచు నిలిచిన గోపికల యిండ్లలోను త్రాళ్ళుండెనుగదా!

ఆ త్రాడెట్టిదో తెలిసినవారు చెప్పుచునే యున్నారు. తల్లిదండ్రులకు శిక్షణ నిచ్చుట ఈ చికిత్సలో ముఖ్యభాగము. ఆరేండ్ల లోపు పిల్లలకు మొదట చేయవలసినది అదియే. ఒకేసారి నాలుగు పనులు చెప్పక, దగ్గరకు వచ్చి, కన్నులలో చూచి, ఒక్క పని చెప్పవలెను. అది చేసిన వెంటనే మెచ్చుకొనవలెను. సాయంకాలపు మెప్పు వానికి అందదు. లేచుట, స్నానము, చదువు, నిద్ర రోజును ఒకే వరుసలో సాగవలెను. చేయవలసిన పనుల పట్టిక గోడపై కంటికెదురుగ నుండవలెను. పాఠశాలలో ముందు వరుసలో కూర్చుండబెట్టి, నడుమ లేచి తిరుగుటకు పనిగట్టుకొని అవకాశమీయవలెను. నిపుణుడైన వైద్యుడు మందు అవసరమన్నచో ఆయన పర్యవేక్షణలో వాడుటకు సంకోచింపరాదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో పరీక్షింపవలసిన వానిలో ఈ స్థితియు చేరియున్నది. మనోవేదనలో నున్న పెద్దలు మాటాడుటకు 2022 నుండి టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై ఉచితముగా లభించుచున్నది. మొక్కు మొక్కుట తప్పు కాదు. మొక్కితిమిగదా యని వైద్యుని వద్దకు పోకుండుటయే తప్పు.

ఇట్లు బాలుని నిర్దోషిగా ఎంచినచో వానికి కట్టుబాటే లేకుండ పోవునని శంకింపవచ్చును. ఆ శంకకు గీతయందు సమాధానమున్నది. మనస్సు గాలివలె పట్టరానిదని అర్జునుడు విన్నవింపగా స్వామి కాదనలేదు, అర్జునుని నిందింపను లేదు. నిజమేనని యంగీకరించి, అభ్యాస వైరాగ్యములచే అది సాధ్యమని చెప్పెను. చంచలమైన మనస్సు ఎచ్చటెచ్చటికి పోవునో అచ్చటచ్చటి నుండి దానిని మరల్చి తేవలెనని ఆ అధ్యాయమే బోధించుచున్నది. ఎన్నిమారులు మరల్చవలెనో లెక్క చెప్పలేదు. నింద తొలగినంత మాత్రమున అభ్యాసము తొలగదు. వాడు విరుగగొట్టిన వస్తువును వానిచేతనే సరిచేయింపవలెను, మరచిన పనిని మరల చేయింపవలెను. కాని అభ్యాసము చేయు శక్తి ఇంకను కుదురుకొనని బిడ్డకు, కొంతకాలము పెద్దల మనస్సే అరువుగా నుండవలెను. నూరవమారును మొదటిమారువలె శాంతముగా పిలుచుట ఆ పెద్దలకు తపస్సు. అలసిన తపస్వికి విశ్రాంతి నిచ్చుట చుట్టుప్రక్కలవారికి ధర్మము.

ఏటేట భీష్మ ఏకాదశినాడు అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథోత్సవము జరుగును. మొగల్తూరు వైపువారు నరసాపురము చేరి, పంటుపై వశిష్ఠ గోదావరిని దాటి సఖినేటిపల్లి మీదుగా పోదురు. పంటు అంచునకు పరుగెత్తు బిడ్డ గల తల్లికి ఆ ప్రయాణమే ఒక భయము. రథమును, సముద్రమును, జనసందోహమును తలచుకొని ఆమె ఇంటనే ఉండిపోవును. ఆ దినమున పొరుగామె యొకతె వచ్చి, “నువ్వు దర్శనం చేసుకు రా అమ్మా, వాడి చెయ్యి నేను పట్టుకుంటాను” అన్నచో, ఆ గడియలో రెండవ అంగుళము సమకూడినట్లే.

ప్రహ్లాదుని తండ్రి కోపమునకు విడువక కాపాడిన స్వామి, ఇట్టి బిడ్డలను నింద నుండి కాపాడు బుద్ధిని భక్తులందరకు ప్రసాదించు గాక!