బరి లేని ఆట

ఆన్‌లైన్ ఆటలకు ఇక కంప్యూటర్ అక్కర్లేదా, ఫోన్ చాలా అన్న ప్రశ్నకు లెక్కలు ఎప్పుడో జవాబు చెప్పేశాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయ్యాక, రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం వీధుల్లో గంటకింత అని తీసుకున్న నెట్ సెంటర్లు జిరాక్సు కొట్లయిపోయాయి. ప్రపంచమంతటా ఆటల మీద వచ్చే రాబడిలో దాదాపు సగం ఫోన్లదే. 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించినప్పుడు అందులో ఉన్నది పబ్జీ మొబైల్. కంప్యూటర్ మీద ఆడే పబ్జీ జోలికి ఎవరూ పోలేదు. అయినా పబ్జీ పోయిందనే జనం చెప్పుకున్నారు. కంప్యూటర్‌ది ఒకటుందని గుర్తున్నవాళ్లు తక్కువ. బజారు సంగతి తేలిపోయింది, తేలనిది తత్త్వం సంగతి: పరికరం మారినా ఆట అదేనా?

వేదాంతం చదివినవారు ఇక్కడ చటుక్కున ఘటాకాశం, మఠాకాశం ఎత్తుకుంటారు. కుండలో ఉన్నా మఠంలో ఉన్నా ఆకాశం ఒక్కటే, కుండ పగిలితే ఆకాశానికి పోయేదేమీ లేదు. ఫోనూ కంప్యూటరూ ఉత్త ఉపాధులు అంటారు. వినడానికి బాగుంది గాని ఆట విషయంలో ఇది తలకిందులు. ఆకాశానికి కుండ పెట్టిన హద్దు భ్రాంతి కావచ్చు, ఆటకు మాత్రం హద్దే ప్రాణం. గళ్లు చెరిపేస్తే మిగిలేది చదరంగం కాదు, కొన్ని చెక్క బొమ్మలు. పబ్జీ మొబైల్‌ను ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి కంప్యూటర్ మీద ఆడేవాళ్లకు వాళ్లలో వాళ్లకే పోటీ కుదిర్చారు. పందేనికి ముందు కోళ్ల ఎత్తూ బరువూ చూసి జత కట్టినట్టే ఇదీ: మౌస్ పట్టిన చెయ్యీ, అద్దం మీద జరిగే బొటనవేలూ సమ ఉజ్జీలు కావు. ఆ తేడా చేతివాటానిది, అలవాటైతే తగ్గేది. అంతకంటే పెద్ద తేడా చోటుది. డచ్ చరిత్రకారుడు యోహాన్ హ్యూజింగా 1938లో ‘హోమో లూడెన్స్’ రాస్తూ, ఆట ఎప్పుడూ గీసుకున్న చోటులో, పెట్టుకున్న వేళలో జరుగుతుందని వాదించాడు. గోదావరి జిల్లాలవారికి ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. బరి అన్న ఒక్క మాటలో అదంతా ఉంది. భోగి, సంక్రాంతి, కనుమ. ఆ మూడు రోజులే బరి. తర్వాత అది మళ్లీ ఎవరిదో తోట, ఎవరిదో చేను. కంప్యూటర్ కూడా తనకు తెలియకుండానే బరి గీసింది. దాని దగ్గరికి వెళ్లాలి, కుర్చీలో కూర్చోవాలి, లేచిపోవాలి. ఫోన్‌కు లేవడమన్నది లేదు.

చోటు ఎంత ముఖ్యమో చట్టానికీ తెలుసు. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సికింద్రాబాదులోని ఒక క్లబ్బువారికీ మధ్య నడిచిన కేసులో, రమ్మీలో అదృష్టం కంటే నేర్పు పాలే ఎక్కువని సుప్రీంకోర్టు చెప్పింది. చాలామంది గుర్తుపెట్టుకునేది ఆ ఒక్క ముక్కే. కాని ఆ కేసు నడిచిందే ఆ క్లబ్బు ఉమ్మడి జూదగృహమా కాదా అన్నదాని మీద. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం కూడా ఆ మాట మీదే నిలబడింది. జూదానికొక గృహం ఉంటుంది, పోలీసు ఆ గుమ్మం దాటతాడు. గుమ్మమే లేని పేకాట జేబులోకి వచ్చేసరికి 2020 సెప్టెంబరులో ఆ చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నేర్పా అదృష్టమా అన్న పాత తగువును పక్కన పెట్టి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది.

ఆటకు హద్దే ప్రాణమన్న మాటకు గట్టి ఆక్షేపణ ఒకటుంది, అది గోదావరి ఒడ్డు నుంచే వస్తుంది. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ తెలుగు చేసిన సభాపర్వంలో, జూదానికి చోటు లేకపోలేదు. ధృతరాష్ట్రుడు పనిగట్టుకుని సభ కట్టించాడు. ఇంత హద్దూ ఉండి ధర్మరాజు తమ్ముల్నీ, తన్నూ, ద్రౌపదినీ ఒడ్డలేదా? బరి పక్కన గుండాటలో, కోతాటలో పొలాలు పోగొట్టుకున్నవారు లేరా? ఉన్నారు. బరి గెలిపిస్తుందని గాని కాపాడుతుందని గాని నేననడం లేదు. బరి సాక్షుల్ని ఇస్తుంది. ఆ సభలో విదురుడు వద్దన్నాడు, ద్రౌపది ప్రశ్న అడిగింది, వికర్ణుడు ఆమె పక్షాన మాట్లాడాడు. ఆట ఆగింది, పోయినదంతా తిరిగొచ్చింది, పాండవులు ఇంటిదారి పట్టారు కూడా. వాళ్లను ముంచింది ఆ తర్వాతిది. దారిలో కౌరవుల దూత ప్రాతికామి వెనకాలే వచ్చి, రమ్మంటున్నారు, ఇంకొక్క ఆట, అన్నాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం ఆ పిలుపుతో వచ్చాయి. ఫోన్‌లో టింగుమనే నోటిఫికేషన్‌కు ఇంతకంటే సరైన పేరు నాకు దొరకలేదు. కంప్యూటర్ సభాభవనం లాంటిది, మనం వెళితేనే ఉంది, ఫోన్ ప్రాతికామి.

ఆ పిలుపు ఆట స్వభావాన్నే మార్చేస్తుంది. సృష్టి ఎందుకన్నదానికి బ్రహ్మసూత్రాలు లీల అని జవాబిచ్చాయి. ఏ అవసరమూ లేకుండా చేసేదే లీల. రోజూ తెరవాలి, ఒక్కరోజు మానితే వరస తెగిపోతుంది అనే ఫోన్ ఆట, లీల కంటే మీమాంసకుల నిత్యకర్మకు దగ్గర: చేస్తే ప్రత్యేక ఫలమంటూ లేదు, మానితే ప్రత్యవాయం, అంటే దోషం. సంధ్యావందనం మానేసినవారు దీన్ని తప్పకుండా చేస్తుండటం వింతే. కంప్యూటర్ ఆటల్లోనూ ఈ కిటుకులున్నాయి, కాదనను. కాకపోతే కుర్చీలోంచి లేచినవాడి వెంట అవి పొలం దాకా రావు.

ఇంకో ఆక్షేపణకు మాత్రం నేను తలవంచాలి. బరీ, నెట్ సెంటరూ మగవాళ్ల చోట్లు. కంప్యూటర్ కొనగలిగిన ఇల్లు ఊరికెన్ని ఉండేవి? ఫోనే లేకపోతే లంక గ్రామంలో ఆడపిల్ల ఇంకో ఊరివాళ్లతో ఒక ఆట ఆడే మాటే లేదు. హద్దు ఉన్నచోటల్లా గుమ్మం బయట నిలబెట్టబడినవాళ్లు ఉంటారు, నా వాదం వాళ్ల కడుపు నింపదు. అందుకే కంప్యూటర్‌ను వెనక్కి తెమ్మనడం లేదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు ఇచ్చినప్పుడు కంప్యూటర్ ఆటలతో పాటు ఫోన్ ఆటలూ ఉన్నాయి. ఫోన్ పట్టినవాళ్లకూ అక్కడ ఒక వేదిక ఉంది, వేళ ఉంది, జట్టు ఉంది, చూసేవాళ్లున్నారు, ఆట అయిపోయిందని చెప్పేవాళ్లున్నారు. అంటే ఫోన్‌కూ బరి గీయవచ్చు. మూడు రోజుల పందేలకు ఎకరాలకు ఎకరాలు చదును చేసి, టెంట్లు వేసి, లైట్లు పెట్టే ఊళ్లు, ఊరి గ్రంథాలయంలో ఒక బల్ల వేసి, సాయంత్రం ఒక గంట కేటాయించి, అందులో ఆడపిల్లలకూ చోటిచ్చి చూడాలి.